మన ఊరి హైస్కూల్ కబడ్డీ జట్టును సీజనంతా వెన్నంటి చూడటం ఎలా? తిరుపతి, చిత్తూరు వాళ్ల కోసం

"అన్నా, మన బడి పిల్లోళ్లు గెలిచినారా?"

బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగాలు చేసుకునే మా ఊరివాళ్లు ఏటా ఆగస్టు దాటగానే ఫోన్ చేసి అడిగే మాట ఇది. దాని వెనకే ఇంకోటి వస్తుంది. "ఆట ఎప్పుడో మాకు ముందే ఎందుకు తెలీదు?"

తెలీకపోవడానికి కారణం ఉంది. టీవీలో వచ్చే లీగుకు మల్లే బడి ఆటకు షెడ్యూలు నెల ముందు అచ్చు కాదు. సోమవారం కబురొస్తే బుధవారం ఆట అయిపోతుంది. అయినా ఒక పద్ధతి పెట్టుకుంటే, ఊళ్లో ఉన్నవాళ్లయినా దూరాన ఉన్నవాళ్లయినా, జూన్ నుంచి జనవరి దాకా ఒక జట్టును వదలకుండా పట్టుకోవచ్చు. అడిగిన వాళ్లందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ వరసగా రాస్తున్నా.

కబడ్డీ గురించే రాస్తున్నా గానీ ఖోఖోకూ వాలీబాల్‌కూ మెట్లు ఇవే. స్కూల్ గేమ్స్ జాబితాలో ఇప్పుడు రగ్బీ కూడా ఉంది. రగ్బీ సెవెన్స్‌లోనూ జట్టుకు ఏడుగురే, సగానికి ఏడు నిమిషాలే. మీ బడిలో ఆ జట్టుంటే స్కోరు రాసే పద్ధతి తప్ప మిగతాదంతా అలాగే పనికొస్తుంది.

1. ముందు మెట్లు తెలుసుకోండి

బడి ఆటలు నడిచేది స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ లెక్క ప్రకారం. అందరూ ఎస్‌జీఎఫ్ అనే అంటారు. వయసు విభాగాలు మూడు: అండర్-14, అండర్-17, అండర్-19. బాలురకు, బాలికలకు వేరువేరు. అండర్-19లో ఎక్కువగా ఇంటర్ పిల్లలే కాబట్టి హైస్కూల్ చూసేవాళ్లకు మొదటి రెండూ ముఖ్యం.

మెట్లు ఇవి: మండలం, నియోజకవర్గం, జిల్లా, రాష్ట్రం, జాతీయం.

ఇక్కడ ఒక్క సంగతి అర్థమైతే సగం తికమక పోతుంది. కింది మెట్లలో బడి బడితో ఆడుతుంది. పైకి వెళ్లేకొద్దీ ఆట కాస్తా 'ఎంపికలు' అవుతుంది. అంటే జట్టు మొత్తం పైకి పోదు, జట్టులో బాగా ఆడిన ఇద్దరో ముగ్గురో పోతారు. జిల్లా జట్టు జెర్సీ మీద మీ బడి పేరు ఉండదు. "మన బడి స్టేట్‌కు పోయింది" అని ఊళ్లో చెప్పుకుంటే, నిజానికి మన బడి నుంచి ఒకమ్మాయి జిల్లా జట్టులో చోటు సంపాదించిందని అర్థం.

బడి పేరుతో ఆడే ఆట మండలంతో ఆగుతుందా, నియోజకవర్గం దాకా నడుస్తుందా అనేది సీజన్ మొదట్లోనే అడిగి రాసుకోండి. మీరు వెంటబడాల్సింది ఎక్కడిదాకా జట్టునో, ఎక్కడ్నుంచి పిల్లలనో దాన్నిబట్టే తేలుతుంది.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు జిల్లాలది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది. నగరి నియోజకవర్గాన్నే చూడండి. ఆ విభజనలో పుత్తూరు, వడమాలపేట తిరుపతి జిల్లాకు పోగా, నగరి, నిండ్ర, విజయపురం చిత్తూరు జిల్లాలో ఉండిపోయాయి. నియోజకవర్గం ఒకటే, జిల్లాలు రెండు. పైగా ప్రకటనల్లో ఒక్కోసారి 'ఉమ్మడి చిత్తూరు జిల్లా' అని కనబడుతుంది, అంటే విభజనకు ముందున్న పాత జిల్లా. జిల్లా పేరు ముందు 'ఉమ్మడి' ఉందో లేదో చూడకుండా బస్సెక్కితే ఒక రోజు కూలి పోయినట్టే.

2. ఒక్క జట్టునే పట్టుకోండి

మొదటేడాది ఉత్సాహంలో నాలుగు బళ్లను పెట్టుకుంటారు. దసరాకల్లా ఒక్కటీ మిగలదు. ఒక బడి, ఒక వయసు విభాగం చాలు.

నన్నడిగితే అండర్-17 బాలికల జట్టుతో మొదలుపెట్టమంటాను. మా వైపు మండలాల్లో బాలుర ఆటకు జనం ఎలాగూ వస్తారు. అమ్మాయిల ఆట మధ్యాహ్నం ఎండలో, కోర్టు చుట్టూ పదిమంది కూడా లేకుండా జరిగిపోతుంది. ఆట మాత్రం చాలాసార్లు వాళ్లదే శుభ్రంగా ఉంటుంది.

జట్టు అనుకున్నాక నోటు పుస్తకంలో మొదటి పేజీ ఇలా నింపండి:

- బడి, మండలం, నియోజకవర్గం, జిల్లా
- వయసు విభాగం, ఈ ఏడాది పుట్టినతేదీ కటాఫ్
- బరువు పరిమితి
- జెర్సీ నంబర్లు, ఒక్కో నంబరుకు తరగతి, ఆడే చోటు (కూత పెడుతూ ఎదుటివైపుకు పోయే రైడర్, కోర్టు మూలన నిలబడే కార్నర్, మధ్యవైపు నిలబడే కవర్)
- పోయినేడు ఆడి ఈ ఏడు మిగిలినవాళ్లు ఎందరు

చివరి గీత తప్పకుండా రాయండి. పదో తరగతి పిల్లలు మార్చిలో పరీక్షలు రాసి వెళ్లిపోతారు. పోయినేడు కప్పు కొట్టిన జట్టులో ఏడుగురికి ఐదుగురు పదో తరగతి వాళ్లయితే ఈ ఏడు మీరు చూసేది వేరే జట్టు. "పోయినసారి ఛాంపియన్లు కదా, ఇట్లా ఓడిపోయినారేంది" అనేవాళ్లకు ఈ లెక్క తెలీదు.

3. పీఈటీ సారును కలవండి

వార్తలు పుట్టేది ఆయన దగ్గరే. మీ బడిలో పిల్లలకు ఆటలు నేర్పే పీఈటీ సారో మేడమో ఉంటారు, పెద్ద బడుల్లో పీడీ (ఫిజికల్ డైరెక్టర్) ఉంటారు. వాళ్లకంటే ముందు తెలిసేవాళ్లు మండలంలో లేరు.

జూన్ 12కు బళ్లు తెరిచినా మొదటి రెండు వారాలు వెళ్లకండి. అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీతో బడి సంతలా ఉంటుంది. జులైలో ఒక సాయంత్రం, బడి వదిలాక వెళ్లండి. ముందు హెడ్మాస్టర్ గదిలో కనబడి, ఫలానా ఊరివాణ్ని, ఇక్కడే చదివాను, పిల్లల ఆట చూడాలని ఉంది అని చెప్పండి. ఆయన సరే అన్నాకే మైదానంలోకి.

పీఈటీ సారును మొదటిసారే "టీం ఎట్లుంది సార్, గెలుస్తారా?" అని అడగొద్దు. "సున్నం ఉందా సార్, గీతలకు?" అని అడగండి. ఏ బడిలోనైనా కోర్టు గీతలకు సున్నం, మోకాళ్లకు కట్టుకోవడానికి క్రేప్ బ్యాండేజీ, పోటీకి పోయే రోజు ఆటో ఛార్జీ, ఈ మూడూ ఎప్పుడూ తక్కువే. ఒక మూట సున్నం ఇప్పించినవాడి ఫోన్ సారు ఎప్పుడూ ఎత్తుతారు. లంచం కాదులెండి, సున్నమే కదా.

అడగాల్సినవి నాలుగు:

- మండల పోటీలు ఏ నెలలో ఉండొచ్చు, ఏ బడి నిర్వహిస్తుంది
- బడి జట్టుగా ఆడేది ఏ మెట్టు వరకు
- మట్టి కోర్టా, మ్యాటా
- కబురు తెలియగానే చిన్న మెసేజ్ పెట్టగలరా

4. క్యాలెండర్‌ను పెన్సిల్‌తో రాయండి

పెన్నుతో రాస్తే కొట్టివేతలే మిగులుతాయి. స్థూలంగా ఏడాది ఇలా నడుస్తుంది.

జూన్, జులైల్లో సాధన, జట్టు ఏర్పాటు. ఆగస్టులో స్వాతంత్ర్య దినోత్సవం ఆటలు, 29న జాతీయ క్రీడా దినోత్సవం, ఆ చుట్టుపక్కలే కింది మెట్ల పోటీలు. సెప్టెంబరు నుంచి జిల్లా ఎంపికలు, ఆపైన రాష్ట్ర పోటీలు. జాతీయ పోటీలు ఒక్కోసారి జనవరి దాకా సాగుతాయి.

దీని మీద మన ప్రాంతపు అడ్డంకులు మూడు వేసుకోవాలి.

మొదటిది వాన. మనకు గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మట్టి కోర్టు ఒక రాత్రి తడిస్తే మర్నాడు ఆట ఉండదు. వాయిదా పడ్డ ఆటకు కొత్త తేదీ ఎవరూ దండోరా వేయరు, మనమే కనుక్కోవాలి.

రెండోది తిరుపతి రద్దీ. తమిళ నెల పెరటాసిలో వచ్చే శనివారాలు, బ్రహ్మోత్సవాలు సరిగ్గా ఈ సీజన్లోనే పడతాయి. ఆ రోజుల్లో చిత్తూరు నుంచి తిరుపతికి పల్లెవెలుగులో నిలబడటానికి చోటు దొరికితే అదృష్టం. తిరుపతిలో ఆట ఉండి అది శనివారమైతే గంటన్నర ముందు బయలుదేరండి.

మూడోది పరీక్షలు. యూనిట్ పరీక్షల వారంలో పోటీ పెట్టరు, పెట్టినా తేదీ మారుతుంది. బడి పరీక్షల టైంటేబుల్ ఫొటో తీసి పుస్తకంలో అంటించుకోండి.

5. కబురు ఎక్కడ్నుంచి, ఎంతవరకు నమ్మాలి

నమ్మకం వరసలో చెబుతా.

పీఈటీ సారు మెసేజ్ మొదటిది. పత్రికల జిల్లా పేజీలు రెండోది. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి జిల్లా పేజీల్లో 'రేపు కబడ్డీ ఎంపికలు' అని నాలుగు వాక్యాల ముక్క వస్తుంది. పెద్ద వార్తల కింద, ప్రకటన పక్కన నక్కి ఉంటుంది. అందులో స్థలం, సమయం, వయసు, తెచ్చుకోవాల్సిన పత్రాలు అన్నీ ఉంటాయి. దాన్ని కత్తిరించి దాచండి. ఊరు బయట ఉన్నవాళ్లు ఈ-పేపర్లో ఎడిషన్ మార్చి చూడాలి. బెంగళూరు ఎడిషన్లో మీ మండలం దొరకదు.

వాట్సాప్ గ్రూపులు చివర. అక్కడ పోయినేడు ఫొటో ఈ ఏడు మళ్లీ తిరుగుతుంటుంది.

ఒకసారి నాకు తగిలింది చెబుతా. చిత్తూరు మెసానికల్ మైదానంలో ఎంపికలని గ్రూపులో చూసి పొద్దున ఆరు గంటల బస్సుకే పోయాను. మైదానంలో వాకింగ్ చేసే పెద్దలు, క్రికెట్ ఆడే పిల్లలు తప్ప కబడ్డీ జాడ లేదు. అరగంట తిరిగాక టీ కొట్టాయన జాలిపడి, "అది నిన్ననే ఇంకోచోట అయిపాయ గదన్నా" అన్నాడు. మెసేజ్ సరైందే. దాని కింద స్థలం మారిందని వచ్చిన రెండో మెసేజే నేను చూడలేదు. అప్పట్నుంచి ముందురోజు రాత్రి ఎనిమిదికి ఒక ఫోన్ చేయందే బస్సెక్కను.

ఇంకో గందరగోళం: ఎస్‌జీఎఫ్ ఎంపికలు వేరు, కబడ్డీ సంఘం ఎంపికలు వేరు. ప్రకటనలో 'సబ్ జూనియర్', 'జూనియర్' అని ఉంటే అది సంఘానిది. సబ్ జూనియర్ 16 ఏళ్లలోపు, జూనియర్ 20 ఏళ్లలోపు. 'అండర్-14', 'అండర్-17' అని ఉంటే బడులది. పిల్లలు రెండింటికీ పోవచ్చు. మీ పుస్తకంలో మాత్రం రెండిటినీ ఒకే పేజీలో కలపకండి.

6. డ్రా చదవడం

మండల పోటీలు ఎక్కువగా నాకౌట్, ఓడిన జట్టు ఇంటికే. ఉదయం చీటీలు తీసి, ఎవరు ఎవరితో ఆడాలో చార్టు మీద స్కెచ్ పెన్నుతో గీసి గోడకు అంటిస్తారు, అదే డ్రా. అది అర్థమైతే మీ జట్టు ఎన్నింటికి ఆడుతుందో మీరే లెక్క కట్టుకోవచ్చు.

పదకొండు బళ్లు వచ్చాయనుకోండి. పదకొండు తర్వాత 2, 4, 8, 16 వరసలో వచ్చేది 16. పదహారులోంచి పదకొండు తీస్తే ఐదు. అంటే ఐదు జట్లకు బై, మొదటి రౌండ్ ఆడకుండానే రెండో రౌండుకు పోతాయి. మిగిలిన ఆరు జట్లు మూడు ఆటలు ఆడతాయి. మొత్తం ఆటలు ఎప్పుడూ జట్ల సంఖ్యకు ఒకటి తక్కువ. పదకొండు జట్లకు పది ఆటలు.

ఇప్పుడు టైం. పెద్దల ఆటలో మగవాళ్లకు సగానికి 20 నిమిషాలు, మధ్యలో 5 నిమిషాల విరామం. మహిళలకు సగానికి 15 నిమిషాలు. మండలంలో ఒకే రోజులో అన్నీ ముగించాలి కాబట్టి ఇంకా తగ్గిస్తారు. ఎంతకు తగ్గించారో స్కోరు రాసేవాళ్ల బల్ల దగ్గర అడిగి, ఆటకూ ఆటకూ మధ్య పది నిమిషాలు వేసుకుంటే మీ జట్టు వంతు ఇంచుమించు తెలుస్తుంది.

బై వచ్చిందని సంబరపడకండి. అవతలి జట్టు ఒక ఆట ఆడి ఒళ్లు వేడెక్కి వస్తుంది, మనవాళ్లు చెట్టు కింద కూర్చుని కూర్చుని నేరుగా దిగుతారు. మొదటి ఐదు నిమిషాల్లోనే వెనకబడిన జట్లను చాలా చూశా.

7. బయలుదేరే ముందు

- ముందురోజు రాత్రి ఫోన్: స్థలం, సమయం, వాయిదా ఏమైనా ఉందా
- నోటు పుస్తకం, రెండు పెన్నులు (ఒకటి పిల్లలెవరో అడుగుతారు, తిరిగి రాదు)
- నీళ్లు రెండు లీటర్లు, టోపీ లేదా తువ్వాలు
- చిల్లర డబ్బులు
- తిరుగు బస్సు టైం
- మీ చెప్పులు కోర్టు దగ్గర విప్పాల్సి రావచ్చు, అందుకు తగ్గవి

పిల్లలకు తినడానికేమైనా తీసుకుపోవాలనిపిస్తుంది. ఆటకు ముందు వద్దు. పులిహోర పొట్లాలు కట్టించుకుని పోయి పదింటికే పంచిన పెద్దమనిషిని చూశా. పదకొండింటికి ఆటలో రైడర్ కూత ఎత్తితే పులిహోర గొంతులోకి వచ్చేట్టుంది. ఆట అయ్యాక అరటిపళ్లు ఇవ్వండి, అదీ పీఈటీ సారును అడిగి.

8. తూకం దగ్గర నిలబడండి

ఇది చాలామంది వదిలేస్తారు. ఆట తీరు ఇక్కడే సగం తేలిపోతుంది.

ఆటకు ముందు పత్రాలు చూస్తారు: ఎంట్రీ ఫారం మీద హెడ్మాస్టర్ సంతకం, ముద్ర, పుట్టినతేదీ ఆధారం. తర్వాత బరువు. ఒక ఏడాది మా జట్టు కార్నర్ ఆడే అబ్బాయి పరిమితికి నాలుగు వందల గ్రాములు ఎక్కువ తూగాడు. చొక్కా తీశాడు, కాశీదారం తీశాడు, మొలతాడుకున్న తాయెత్తు తీసి సారు చేతిలో పెట్టాడు. ముల్లు కొంచెమే జరిగింది. "పరిగెత్తుకోని రా పో" అన్నారు సారు. మైదానం చుట్టూ ఎండలో ఎనిమిది చుట్లు కొట్టి, ఉమ్మి ఉమ్మి నోరెండిపోయి వచ్చి ఎక్కాడు. సరిపోయింది. అందరం చప్పట్లు కొట్టాం. తీరా ఆటలోకి దిగితే పట్టుకున్న కాలు పట్టుకున్నట్టే జారిపోతోంది, వేళ్లలో పట్టు లేదు. ఒళ్లంతా ఎండిపోయి ఉంటే ఎక్కడ్నుంచి వస్తుంది?

స్కోరు మాత్రమే చూసినవాళ్లు ఆ రోజు వాణ్ని తిట్టుకున్నారు. తూకం దగ్గర ఉన్నవాళ్లం నోరు మెదపలేదు.

9. స్కోరు రాయడం

అసలు పని ఇదే. చివరి స్కోరు ఎవరైనా చెబుతారు. 31-28 అంటే ఏం తెలుస్తుంది? ఎవరు తెచ్చారు, ఎప్పుడు పోయింది, అది రాస్తేనే జట్టు మీకు అర్థమవుతుంది.

ముందు నియమాలు గుర్తుంచుకోండి. కోర్టులో ఏడుగురు, కూతకు 30 సెకన్లు. ఎదుటివైపు ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువ ఉంటేనే బోనస్. రైడర్ ఒక కాలు ఎదుటి కోర్టులో ఉండే బోనస్ గీత అవతల ఆనాలి, ఆ క్షణంలో రెండో కాలు గాల్లో ఉండాలి. బోనస్‌కు పాయింటు వస్తుంది గానీ బయట కూర్చున్నవాడు లేచి లోపలికి రాడు. ముట్టుకుంటేనో పట్టుకుంటేనో వస్తాడు. ముగ్గురు లేదా అంతకంటే తక్కువ ఉన్నప్పుడు రైడర్‌ను పట్టేస్తే ఒక పాయింటు అదనం, అదే సూపర్ ట్యాకిల్. జట్టు మొత్తాన్ని ఔట్ చేస్తే లోనా, రెండు పాయింట్లు అదనం.

ఒక్కో కూతకు ఒక్కో గీత. నేను వాడే గుర్తులు: బో (బోనస్), ఖా (ఖాళీ, ఎవరికీ పాయింటు రాలేదు), ప (పట్టుబడ్డాడు), సూ (సూపర్ ట్యాకిల్), లో (లోనా). ముట్టుకుంటే ఎందరినో ఆ అంకె. చివర మన స్కోరు, వాళ్ల స్కోరు.

ఒక ఆట ఆరంభం ఇలా ఉందనుకోండి:

1. మన 7 – బో – 1-0
2. వాళ్ల 3 – ఖా – 1-0
3. మన 5 – ప – 1-1
4. వాళ్ల 9 – 2 – 1-3
5. మన 7 – బో, 1 – 3-3
6. వాళ్ల 3 – ప – 4-3
7. మన 7 – ఖా – 4-3

ఏడో కూత చూడండి. మన ఏడో నంబరు పిల్ల మళ్లీ బోనస్ గీత దాటింది, రెండో కాలు గాల్లోనే ఉంది. అందరం చూశాం. అంపైర్ చెయ్యెత్తలేదు. వెంటనే మనవైపు నుంచి "అన్యాయం!" అని కేకలు మొదలవుతాయి.

ఇప్పుడు పుస్తకం చూసుకోండి. ఐదో కూతలో వాళ్లలో ఒకరు ఔట్, ఆరోదాంట్లో వాళ్ల రైడర్ పట్టుబడి ఇంకొకరు ఔట్. ఏడులోంచి రెండు పోతే ఐదుగురు. ఐదుగురున్నప్పుడు బోనస్ లేదు. అంపైర్ చేసిందే సరి. స్కోరు పక్కనే కోర్టులో ఎందరున్నారో చిన్న అంకె వేసుకునే అలవాటుంటే మీరు అరవరు, పక్కవాణ్నీ అరవనివ్వరు.

కొన్ని చిట్కాలు, నా తప్పుల నుంచి నేర్చుకున్నవి:

- లాబీలో (కోర్టుకు రెండు పక్కలా ఉండే పట్టీ) కాలు పెట్టగానే ఔట్ అని రాయకండి. పెనుగులాట మొదలయ్యాక లాబీ కూడా ఆటలో భాగమే.
- వరసగా రెండు కూతలు ఖాళీ పోతే మూడో కూత చావో రేవో అనే నియమం ఈ పోటీలో ఉందో లేదో ముందే బల్ల దగ్గర అడగండి. టీవీలో ఉందని ఇక్కడా ఉంటుందనుకోవద్దు.
- నాకౌట్‌లో సమమైతే ఏం చేస్తారో కూడా అడగండి. ఐదేసి కూతలు పెట్టే పద్ధతి ఉంది.
- ఒక కూత రాయడం తప్పిపోతే తల దించుకుని ఆలోచించకండి. ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పోండి, సగం ఆటయ్యాక అధికారిక షీటుతో సరిచూసుకోండి.
- జెర్సీలు సరిపోక ఇద్దరు పిల్లలు ఒకే నంబరుతో దిగడం కింది మెట్లలో కనబడుతుంది. ఒకరికి నంబరు, ఇంకొకరికి 'జడ రిబ్బన్', 'మోచేతి కట్టు' అని గుర్తు రాసుకోండి.

మూడు ఆటల షీట్లు చేతిలో ఉంటే బొమ్మ కనబడుతుంది. మా జట్టు ఒక ఏడు వరసగా దగ్గరదాకా వచ్చి ఓడిపోయేది. రైడర్లు బలహీనమని అందరూ అన్నారు. షీట్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఎదుటి రైడర్లు పాయింట్లు తెచ్చుకున్నవి చాలావరకు మన ఎడమ కార్నర్ వైపు నుంచే. ఆ చోట ఆడే పిల్ల ఎడమచేతి వాటం, ఎప్పుడూ ఒక అర అడుగు ముందుకే నిలబడేది. పీఈటీ సారుకు షీట్లు చూపించా, ఏమీ అనలేదు. తర్వాతి వారం ఆ అమ్మాయి కుడి కార్నర్‌లో కనబడింది.

10. కోర్టు పక్కన ఎలా ఉండాలి

గీతకు రెండడుగుల దూరంలో కూర్చోండి. కోచ్ పీఈటీ సారు, మీరు కాదు. "పట్టు, పట్టు!" అని మీరూ కోచ్ కలిసి అరిస్తే పిల్లలకు ఏదీ వినబడదు. కూత నడుస్తున్నప్పుడు మరీ ముఖ్యం, రైడర్ గొంతు అంపైర్‌కు వినబడాలి.

ఓడిన పిల్లల దగ్గరకు వెంటనే పోకండి. పది నిమిషాలు వాళ్లను వదిలేయండి.

11. బడి జట్టు ఆగిపోయాక

ఇక్కడే చాలామంది పుస్తకం మూసేస్తారు. సీజన్ సగంలోనే ఉంది.

బడి ఓడిపోయినా బాగా ఆడిన పిల్లలు పైమెట్టు ఎంపికలకు పిలుపు అందుకోవచ్చు. అందుకని జట్టు పేజీ ముగిసిన చోట, ఒక్కో పిల్లకు ఒక్కో పేజీ తెరవండి. పేజీ పైన తరగతి, ఆడే చోటు, జెర్సీ నంబరు. కింద తేదీ, స్థలం, ఏ మెట్టు, ఎంపికయ్యిందా స్టాండ్‌బైనా. జిల్లా జట్టులో జెర్సీ నంబరు మారిపోతుంది, కొత్త నంబరు రాసుకోకపోతే రాష్ట్ర పోటీల వార్తలో ఆ పిల్లను గుర్తుపట్టలేరు.

జట్టులో మొత్తం 12 మంది, కోర్టులోకి ఏడుగురు. జిల్లా జట్టుకు ఎంపికైందంటే ఆడిందని కాదు. "ఆడిందా, బెంచీ మీదుందా?" ఈ ప్రశ్న సున్నితంగా అడగాలి, ఇంటివాళ్లను అస్సలు అడగొద్దు.

సర్టిఫికెట్ల సంగతి కూడా కనిపెట్టండి. ఏ పోటీకి ఏ సర్టిఫికెట్, అందులో పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ పదో తరగతి రికార్డుతో సరిపోయాయా? రేపు స్పోర్ట్స్ కోటాలో సీటుకో ఉద్యోగానికో పోయేది ఆ కాగితమే. జాతీయ స్కూల్ గేమ్స్‌లో ఆడినవాళ్లకు కేంద్ర ఉద్యోగాల కోసం ఫారం-4 అనేది ఒకటి ఉంటుంది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుంటే అదే నెలలో సరిచేయించుకోవడం తేలిక. నాలుగేళ్ల తర్వాత సంతకం పెట్టిన అధికారి ఎక్కడుంటాడో ఎవరికి తెలుసు?

కొందరు మధ్యలో కడప క్రీడా పాఠశాలకో మరో చోటికో వెళ్లిపోతారు. ఆ పేజీని చింపకండి, కొత్త బడి పేరు రాసి కొనసాగించండి.

సంక్రాంతికి ఊళ్లలో జరిగే పోటీల్లో ఈ పిల్లలు పెద్దవాళ్లతో కలిసి ఆడతారు. చూడండి, ఆనందించండి, ఈ పుస్తకంలోకి మాత్రం ఎక్కించకండి. బరువు లెక్క లేదు, వయసు లెక్క లేదు. స్కోరు పోల్చడానికి పనికిరాదు.

12. ఫొటోలు, పేర్లు

వీళ్లంతా మైనర్లు. నా నియమాలు కచ్చితం:

- దగ్గర నుంచి ఒక్కరి ఫొటో తీయను, జట్టు మొత్తం నిలబడ్డప్పుడే తీస్తా, అదీ సారు ముందు
- గ్రూపులో పెట్టేటప్పుడు పేర్లు, తరగతి, ఊరు కలిపి రాయను. 'మన ఏడో నంబరు' అంటే ఊరివాళ్లకు అర్థమవుతుంది
- అమ్మాయిల జట్టు ఫొటో మేడం పంపితేనే ముందుకు పంపిస్తా
- పిల్లలెవరి ఫోన్ నంబరూ అడగను, ఇచ్చినా తీసుకోను

పెనుగులాటలో పడిపోయిన పిల్లల వీడియో తీసి నవ్వుకోడానికి పెట్టేవాళ్లుంటారు. అలాంటి వీడియో ఒక్కటి బయటికొస్తే మర్నాటి నుంచి ఆ అమ్మాయిని ఇంట్లో ఆటకు పంపరు.

13. తరచూ అడిగే ఇక్కట్లు, దారి

*నేను దూరంలో ఉన్నా, ఆటకు రాలేను.* ఊళ్లో ఒక్కరిని పట్టుకోండి, పదిమందిని కాదు. డిగ్రీ చదివే కుర్రాడైతే మేలు. పైన చెప్పిన గుర్తులు నేర్పి, షీటు ఫొటో పంపమనండి. లైవ్ వీడియో అడగొద్దు, సిగ్నల్ ఉండదు, వాడికి ఆట చూసే వీలూ ఉండదు.

*సారు బదిలీ అయిపోయారు.* మొదలు నుంచి మళ్లీ సున్నం మూటే. పాత సారు నంబరు మాత్రం దాచుకోండి. ఆయన వెళ్లిన బడి ఏదో ఒక రోజు మీ జట్టుకు ఎదురొస్తుంది.

*స్కోరు ఒక పేపర్లో ఒకటి, ఇంకో పేపర్లో ఇంకోటి.* మీ షీటు ఉంటే అదే. లేకపోతే సారు దగ్గరున్న అధికారిక షీటు. రెండూ లేకపోతే గెలుపు ఓటమి మాత్రం రాసి అంకె వదిలేయండి.

*ఈ ఏడు జట్టే పెట్టలేదు.* ఏడుగురు దొరకని ఏడు ఉంటుంది. అప్పుడు అండర్-14 వాళ్లను చూడటం మొదలుపెట్టండి. రెండేళ్లలో అండర్-17 కోర్టులో దిగేది వాళ్లే.

ఇక జనవరి తర్వాత చేయాల్సింది ఒకటే. పదో తరగతి పిల్లల పేజీలకు మూల మడిచి పెట్టుకుని, మిగిలినవాళ్ల జెర్సీ నంబర్లను కొత్త పుస్తకంలోకి ఎక్కించండి. మా జట్టుకు ఈసారి నలుగురు మిగిలారు. ఏడో నంబరు మిగిలింది.